కిరాయి ఇంట్లో పక్కింటి లొల్లి: ఏ సామాను పనికొస్తుంది, ఏది పైసలు దండగ

హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లలో కిరాయి పోర్షన్లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. బయటి గోడ 9 అంగుళాలు, లోపలి అడ్డుగోడ నాలుగున్నర, స్లాబు 5 అంగుళాలు, తలుపు మీదో కిటికీ మీదో ఒక వెంటిలేటరు. ఓనరు తన కుటుంబం కోసం కట్టుకున్న ఇంటిని తర్వాత రెండు పోర్షన్లు చేసి ఉంటే, మధ్యలో అటూ ఇటూ గడియ పెట్టిన తలుపొకటి అదనం. ఇలాంటి ఇళ్లలో ఉండేవాళ్లకు ‘సౌండ్‌ప్రూఫ్’ పేరుతో అమ్మే సామాన్లను, పిలిస్తే వచ్చే సేవలను ఇక్కడ ఒక్కొక్కటిగా తూకం వేస్తున్నాం. కిరాయిదారు గోడ పగలగొట్టలేడు, మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు పూర్తిగా తిరిగి రావాలి. ఈ మూడింటినీ మనసులో పెట్టుకునే మా తీర్పు.

ముందే చెప్పేస్తాం. సందులు మూసే రబ్బరు బీడింగు, కుర్చీల కాళ్లకు వేసే రబ్బరు బూట్లు, మంచి ఇయర్‌ప్లగ్‌లు కొనదగ్గవి. గోడకు అంటించే ఫోమ్ పలకలు కొనొద్దు. సౌండ్‌ప్రూఫ్ కర్టెన్లు వెలుగు ఆపడానికి కొంటే కొనండి, లొల్లి ఆగుతుందని మాత్రం కొనొద్దు.

ఏది కొనాలన్నా ముందు చప్పుడు ఏ దారిన వస్తుందో తేల్చుకోవాలి. మాటలు, టీవీ, పాటలు గాలిలో నుంచి వస్తాయి. కుర్చీ జరపడం, రోట్లో ఎల్లిపాయ దంచడం, పిల్లలు మంచం మీంచి దుంకడం, మోటారు ఆన్ కావడం, ఇవి కట్టడంలో నుంచి వస్తాయి. ఒకదానికి పనిచేసేది రెండోదానికి పనిచేయదు. 5 అంగుళాల స్లాబు చదరపు మీటరుకు దాదాపు 300 కిలోల బరువు ఉంటుంది. అంత బరువులో నుంచి మాటలు కిందికి దిగడం కష్టం. అయినా మీదింటోళ్ల మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయంటే అవి స్లాబులో నుంచి కాదు, కిటికీలోంచో, మెట్ల వైపు నుంచో, బాత్రూం షాఫ్టులోంచో వస్తున్నాయి. అదే స్లాబు మీద గరిట జారిపడితే మాత్రం కింద గంట కొట్టినట్టు వినిపిస్తుంది, ఎందుకంటే దెబ్బ నేరుగా కాంక్రీటుకే తగిలింది. కాబట్టి పైకప్పుకు ఏదైనా అంటిద్దామన్న ఆలోచన మానుకోండి.

తలుపు కింద సందు, తలుపు మీద వెంటిలేటరు

పైసాకు తగిన ఫలితం దొరికేది ఇక్కడే. తలుపు కింద 10 ఎంఎం సందు ఉందనుకోండి. 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తున్న తలుపుకు అది అర శాతం కూడా కాదు. కానీ ఆ కొంచెం సందు ఉన్నంతకాలం ఎంత బరువు తలుపు పెట్టినా 23 డెసిబెల్స్‌కు (డెసిబెల్ అంటే చప్పుడును కొలిచే ప్రమాణం) మించి ఆపలేదు. వెంటిలేటరు సంగతి ఇంకా ఘోరం. 10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడలో 3 అడుగులు × 1 అడుగు వెంటిలేటరు తెరిచి ఉంటే, ఆ గోడ మొత్తం మీద ఆగేది 15 డెసిబెల్స్ మాత్రమే. అదే గోడ సందు లేకుండా ఉంటే 40 దాటి ఆపగలదు. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి చప్పుడు సగమైనట్టు తెలుస్తుంది కాబట్టి, ఈ తేడా ఎంతో ఊహించుకోండి. గోడను తిట్టుకునేవాళ్లలో ఎక్కువమంది తిట్టాల్సింది వెంటిలేటరునే.

సందు వెతకడం తేలిక. రాత్రి మీ గదిలో లైటు ఆర్పి, అవతలి వైపు లైటు వేయించండి. వెలుగు ఎక్కడ గీతలా కనిపిస్తే చప్పుడు దారి అక్కడే. తర్వాత తలుపు మూసి, దర్వాజకూ రెక్కకూ మధ్య కాగితం పెట్టి లాగండి. పట్టు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ బీడింగు పడాల్సిందే.

దర్వాజ చుట్టూ అంటించడానికి రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి మెత్తటి స్పాంజి టేపు, చవక. రెండోది ‘డి’ ఆకారంలో లోపల బోలుగా ఉండే ఈపీడీఎం రబ్బరు. స్పాంజిది కొన్నాళ్లకే అణిగిపోయి అట్టలా తయారవుతుంది. రబ్బరుది నొక్కితే మళ్లీ లేస్తుంది, అందుకే ధర కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. కొనేముందు సందు ఎంతుందో కొలవాలి. 3 ఎంఎం సందుకు 9 ఎంఎం మందం రబ్బరు అంటిస్తే తలుపు పడదు, గడియ బిగుసుకుపోతుంది, చివరికి విసుగొచ్చి పీకేస్తారు. మామూలు తలుపుకు మూడు వైపులూ కలిపి 17 అడుగులు, అంటే 5 మీటర్లకు కొంచెం పైనే పడుతుంది కాబట్టి 6 మీటర్ల చుట్ట తెచ్చుకోండి. అంటించే ముందు దర్వాజను తడిబట్టతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. దుమ్ము మీద, రాలుతున్న పెయింటు మీద ఏ జిగురూ నిలవదు. చాలామందికి వారంలో ఊడిపోవడానికి కారణం ఇదే, సరుకు తప్పు కాదు. మూలల్లో వంచకుండా కోసి, రెండు ముక్కలను ఆనించి అంటించాలి.

తలుపు కిందికి రెండు ఫోమ్ గొట్టాలను గుడ్డలో తొడిగిన ‘డోర్ గార్డు’ రెండు మూడు వందల్లో దొరుకుతుంది. నున్నటి టైల్స్ మీద బాగా పనిచేస్తుంది. పాత ఇళ్లలో బండల మధ్య ఎత్తుపల్లాలుంటే తలుపు తీసిన ప్రతిసారీ తట్టుకుంటుంది. అలాంటిచోట తలుపు అడుగున అల్యూమినియం పట్టీతో వచ్చే రబ్బరు లేదా బ్రష్షు మేలు. అయితే దానికి స్క్రూలు కొట్టాలి, ఓనరుకు ఒక మాట చెప్పి కొట్టండి.

వెంటిలేటరుకు థర్మోకోల్ ముక్క పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. దోమలు ఆగుతాయేమో గానీ చప్పుడు ఆగదు. చప్పుడును ఆపేది బరువు, థర్మోకోల్‌కు అది లేదు. 18 ఎంఎం ప్లైవుడ్ చదరపు మీటరుకు 11 కిలోల దాకా తూగుతుంది. వెంటిలేటరు గూడును మూడుచోట్ల కొలిచి, అందులో తక్కువ కొలత కంటే చుట్టూ 5 ఎంఎం తగ్గించి ప్లై కోయించండి. అంచుల చుట్టూ అదే ‘డి’ రబ్బరు అంటించి, లోపలి వైపు ఒక చిన్న పిడి బిగించి, గూట్లోకి నొక్కండి. మేకు అవసరం లేదు, ఎండాకాలం తీసి అటక మీద పెట్టుకోవచ్చు, ఇల్లు మారినప్పుడు వెంట తీసుకుపోవచ్చు. కొత్త ఇంట్లో కొలత కుదరకపోతే అంచు కోసుకుంటే సరి. చప్పుడు ఇంకా వస్తుంటే గూడు మందంలోనే అవతలి అంచున రెండో పలక పెట్టి, మధ్యలో పాత బొంత ముక్క కుక్కండి.

ఒక్క హెచ్చరిక. వంటింటి వెంటిలేటరు, గ్యాస్ గీజరు ఉన్న బాత్రూం వెంటిలేటరు ఎట్టి పరిస్థితిలోనూ మూయొద్దు. గ్యాస్ గీజరున్న బాత్రూంలో గాలి ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ నిండి ప్రాణాలు పోతాయి. దానికి వాసన ఉండదు, ముందుగా తెలియదు.

రెండు పోర్షన్ల మధ్య గడియ పెట్టిన తలుపుకు కూడా ఇదే వైద్యం. ముందు చుట్టూ బీడింగు, తాళం రంధ్రానికి టేపు, తర్వాత తలుపు నిండా బరువైన బొంత వేలాడదీయడం, దాని ముందు నిండుగా సర్దిన బీరువా. ఈ వరుస తప్పొద్దు. సందులు అలాగే ఉంచి బీరువా ఒక్కటి అడ్డం పెడితే చప్పుడు చుట్టూ తిరిగి వస్తుంది. అడ్డుగోడలో రెండు వైపులా స్విచ్‌బోర్డులు వీపుకు వీపు ఉంటే అక్కడ ఇటుక దాదాపు లేనట్టే. ప్లేటు అంచు చుట్టూ అక్రిలిక్ సీలెంటు సన్నగా గీయండి చాలు, డబ్బా లోపల మాత్రం ఏమీ కుక్కొద్దు, అక్కడ కరెంటు వైర్లున్నాయి.

జరిపే అల్యూమినియం కిటికీల్లో బ్రష్షులా ఉండే ఊల్ పైల్ అరిగిపోయి ఉంటే, అల్యూమినియం ఫ్యాబ్రికేషన్ షాపులో మీటర్ల లెక్కన దొరుకుతుంది. పాతది లాగేసి కొత్తది గాడిలోకి తోస్తే అయిపోతుంది. కిటికీ గలగల కూడా పోతుంది.

ఫోమ్ పలకలు, కర్టెన్లు

పిరమిడ్ గుబ్బలతో అడుగు × అడుగు సైజులో వచ్చే నల్లటి ఫోమ్ పలకల మీద మా అభ్యంతరం సూటిగా చెబుతాం. అవి పనికిమాలినవి కావు, వాటి పని వేరు. గదిలో మన గొంతు గోడకు తగిలి తిరిగి రాకుండా అవి పీల్చుకుంటాయి. యూట్యూబ్ వీడియో రికార్డు చేసుకునేవాళ్లకు మంచివి. పక్కింటి టీవీని ఆపడానికి కావు. లెక్క చూడండి: నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరుతో, చదరపు మీటరుకు 200 కిలోలు దాటుతుంది. దాని మీద అంటించే ఫోమ్ కిలోన్నర కూడా ఉండదు. గోడ బరువు రెట్టింపు చేస్తేనే ఐదారు డెసిబెల్స్ పెరుగుతాయి. 200 కిలోలకు కిలోన్నర కలిపితే ఏం పెరుగుతుంది? కోడిగుడ్ల అట్టలదీ ఇదే కథ. పైగా పాలీయురేథేన్ ఫోమ్ త్వరగా అంటుకుంటుంది, నల్లటి విషపు పొగ వస్తుంది. దేవుడి గూడు పక్కన, అగరొత్తులు వెలిగించే చోట ఇది పెట్టడం ప్రమాదం. ఖాళీ చేసేటప్పుడు డబుల్ సైడ్ టేపు పుట్టీతో సహా ఊడివస్తుంది, ఓనరు అడ్వాన్సులోంచి పెయింటు ఖర్చు పట్టుకుంటాడు. కొనొద్దు.

మందపు కర్టెన్లు ఎక్కువ శ్రుతి ఉన్న చప్పుళ్లను, అంటే గిన్నెల మోత, ఈలలు లాంటివాటిని కొంచెం మెత్తబరుస్తాయి. మాటలకు తేడా స్వల్పం, డీజే బేస్‌కు సున్నా. షాపువాడు ‘సౌండ్‌ప్రూఫ్’ అంటే చదరపు మీటరుకు ఎంత బరువు అని అడగండి. గుడ్డ ఎంత మందమైనా ఆ లెక్క దగ్గర ఆగిపోతుంది.

మీదింటి దడదడకు మందు మీదింట్లోనే

పైనుంచి వచ్చే దడదడకు కింద చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. చప్పుడు పుట్టే చోటే దాన్ని పట్టుకోవాలి. అందుకే ఈ మొత్తం జాబితాలో మాకు అన్నిటికంటే నచ్చిన కొనుగోలు, మన పైసలతో కొని మీదింటోళ్లకు ఇచ్చేది: కుర్చీల కాళ్లకు రబ్బరు బూట్లు. ఇనుప కుర్చీల గుండ్రటి కాళ్లకు లోపలి కొలత సరిపోయేవి హార్డ్‌వేర్ షాపుల్లో విడిగా దొరుకుతాయి. చెక్క కుర్చీలకు, డైనింగ్ టేబుల్‌కు అంటించే ఫెల్ట్ ముక్కలు వాడాలి. ఫెల్ట్ నీళ్లకు తడిస్తే ఊడిపోతుంది కాబట్టి ఇల్లు తడిబట్టతో తుడిచే దగ్గర స్క్రూతో బిగించే రకం మేలు. ప్లాస్టిక్ కుర్చీల కాళ్లు సన్నగా, వంపుగా ఉంటాయి, వాటికి మామూలు బూటు ఆగదు. సిలికాన్ తొడుగులు సాగి పట్టుకుంటాయి.

ఇచ్చేటప్పుడు ఫిర్యాదులా కాకుండా వాళ్లకు లాభం కనిపించేలా ఇవ్వాలి: “అక్కా, ఇవి కుర్చీల కాళ్లకు ఏస్తే మీ టైల్స్ మీద గీతలు పడవు. మాకు కింద సప్పుడు గూడ తగ్గుతది, పిల్లకు ఇంటర్ పరీక్షలున్నయి.” ఓనరుతో చెప్పించడం కంటే ఇది వంద రెట్లు నయం. ఓనరు నోట విన్నది తిట్టులా తగులుతుంది, తర్వాత సామాను ఇచ్చినా తీసుకోరు.

ఎల్లిపాయ, కారం దంచే చిన్న రోలు కింద 10 ఎంఎం రబ్బరు మ్యాటు వేస్తే మోత బాగా తగ్గుతుంది. రోలు గది మూలలో, గోడ పక్కన ఉండేలా చూడాలి. గది నడుమ స్లాబు ఎక్కువ ఊగుతుంది. పిల్లలు ఆడుకునే చోట ఒకదానికొకటి అతుక్కునే ఈవీఏ (మెత్తటి ఫోమ్) మ్యాట్లు 12 ఎంఎం మందంవి వేయించండి. మన వరంగల్ కొత్తవాడలో నేసే షత్రంజీ, అంటే దరీ, అందమైనది, 2018లో వరంగల్ దరీలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ అది పలచటి నూలు నేత, ఒక్కటే పరిస్తే గీసుకునే చప్పుడు తగ్గుతుంది, దుంకిన దడ తగ్గదు. దాని కింద ఫెల్ట్ లేదా రబ్బరు పొర వేస్తే రెండూ తగ్గుతాయి. నయీంనగర్, కిషన్‌పుర వైపు పై అంతస్తుల్లో ఉండే పోరగాళ్లు డంబెల్స్ కింద పడేస్తుంటే ఈవీఏ సరిపోదు, 20 ఎంఎం జిమ్ రబ్బరు టైలు కావాలి.

వాషింగ్ మెషిన్ కింద పెట్టే నాలుగు రబ్బరు దిమ్మెలు పనిచేస్తాయి, ఒక షరతు మీద. మెషిన్ ముందు మట్టసంగా ఉండాలి. మూలలు నొక్కినప్పుడు ఊగుతుంటే కాళ్ల నట్లు తిప్పి సరిచేశాకే దిమ్మెలు పెట్టాలి, లేకపోతే స్పిన్‌లో మెషిన్ నడక మొదలుపెడుతుంది. కొత్త ఫ్రంట్ లోడ్ మెషిన్ ఇల్లంతా అదిరేలా మోగుతుంటే వెనకాల ట్రాన్సిట్ బోల్టులు (రవాణాలో డ్రమ్ము కదలకుండా బిగించేవి) తీశారో లేదో చూడమనండి.

నీళ్ల మోటారు మోత పైపుల ద్వారా గోడలకెక్కుతుంది. గోడకు బిగించిన క్లాంపులు విప్పి, పాత సైకిల్ ట్యూబును రెండంగుళాల పట్టీలుగా కోసి పైపుకు చుట్టి మళ్లీ బిగిస్తే గుయ్యిమనే మోత తగ్గుతుంది. ఖర్చు లేదు. మోటారు ఆపిన వెంటనే ‘ఢబ్’ మని ఒక దెబ్బ వినిపిస్తే, అది పైపులో వెనక్కి జారిన నీళ్లకు నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది) రెక్క కొట్టుకున్న దెబ్బ. స్ప్రింగుతో మూసుకునే వాల్వు వేయించమని ఓనరును అడగండి, పైపులకూ మంచిది కాబట్టి ఒప్పుకుంటారు.

చెవిలో పెట్టుకునేవి, చెవికి వినిపించేవి

మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు జత పదీ ఇరవై రూపాయల్లో వస్తాయి. 3ఎం కంపెనీ 1100 రకానికి ఎన్‌ఆర్‌ఆర్ 29 అని ఉంటుంది, అంటే చప్పుడును 29 డెసిబెల్స్ తగ్గిస్తుందని. అది ప్రయోగశాల అంకె, ఇంట్లో దాదాపు సగం దక్కితే సరే అనుకోండి. సగం కూడా దక్కకపోవడానికి కారణం పెట్టుకునే తీరు. ప్లగ్‌ను శుభ్రమైన వేళ్లతో పుల్లలా సన్నగా నలపాలి. ఎదుటి చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాలి. అప్పుడు ప్లగ్ లోపలికి తోసి, అది ఉబ్బేదాకా 20 నుంచి 30 సెకన్లు వేలితో ఆపి పట్టుకోవాలి. బయటి నుంచి చూస్తే ప్లగ్ ఎక్కువగా కనిపిస్తే సరిగ్గా పడనట్టే. చీము కారే చెవిలో, నొప్పి ఉన్న చెవిలో పెట్టొద్దు. మురికైతే పారేయాలి, కడిగి వాడితే ఫోమ్ గట్టిపడుతుంది. అలారం వినపడదన్న సంగతి పరీక్షకు పోయే పిల్లలు గుర్తుంచుకోవాలి.

నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌ఫోన్లు మోటారు, ఏసీ లాంటి ఒకే తీరు మోతను బాగా తీసేస్తాయి. మాటలను, హఠాత్తుగా వచ్చే దెబ్బలను అంతగా తీయవు. పక్కకు ఒత్తిగిలితే చెవి నొస్తుంది. నిద్ర కోసం వేలు పోయడం అనవసరం.

మన ఎండాకాలంలో కూలరే పెద్ద కాపలాదారు. దాని హోరులో సగం లొల్లి కలిసిపోతుంది. అందుకే పక్కింటి చప్పుళ్ల బాధ చలికాలంలో, ఫ్యాన్లు కూడా ఆగిపోయాక ఎక్కువవుతుంది. డిసెంబరులో టేబుల్ ఫ్యాన్‌ను గోడ వైపు తిప్పి పెట్టుకుంటే గాలి తగలదు, హోరు మిగులుతుంది.

జిప్సం ఫాల్స్ వాల్ సేవ

పాత గోడ ముందు జిప్సం బోర్డులతో రెండో గోడ కట్టే ఈ పనిని కిరాయి ఇంటికి మేం సిఫార్సు చేయం. ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుని, ఖర్చు కిరాయిలో తగ్గించుకుంటానంటే మాత్రం పనివాళ్లతో ఇవి ముందే మాట్లాడుకోండి. ఫ్రేము పాత గోడకు తగలకుండా అంగుళం ఎడంగా నిలబడాలి. మధ్యలో 50 ఎంఎం రాక్‌వూల్ (రాతి నారల దూది) ఉండాలి, థర్మోకోల్ కాదు. 12.5 ఎంఎం బోర్డులు రెండు పొరలు, ఒకదాని అతుకు మీద ఇంకోదాని అతుకు పడకుండా వేయాలి. చుట్టూ అంచుల్లో సీలెంటు పడాలి. ఫాల్స్ సీలింగ్ మాత్రమే చేసి అలవాటైన పనివాళ్లు ఫ్రేమును నేరుగా గోడకు స్క్రూ చేస్తారు, దాంతో గోడ అదురు మొత్తం బోర్డుకు చేరి ఖర్చంతా వృథా అవుతుంది. అన్నీ సరిగ్గా చేసినా స్లాబు, పక్క గోడల ద్వారా కొంత చప్పుడు వస్తూనే ఉంటుంది.

100కు ఫోను

అడుగుల చప్పుడుకు, కుర్చీల చప్పుడుకు పోలీసులను పిలిచే ఈ సేవ కాదు. రాత్రి సౌండ్ బాక్సులకు, డీజేకు ఇదే సరైన దారి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. పండుగల సందర్భంగా ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వొచ్చు. నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. సొంత ఇంట్లో పెట్టుకున్న సౌండ్ సిస్టమ్ అయినా ఆ ఇంటి సరిహద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు.

100కు గానీ 112కు గానీ చేసినప్పుడు కాలనీ పేరు, ఇంటి నంబరు లేదా గుర్తు, ఎన్నో అంతస్తు, చప్పుడు ఇప్పుడు కూడా మోగుతోందా అన్నవి వరుసగా చెప్పండి. ‘పక్కింటోళ్లు రోజూ సతాయిస్తున్నారు’ అంటే అవతలివాళ్లకు పంపడానికి చిరునామా దొరకదు. చప్పుడు మోగుతుండగానే చేయాలి, ఆగాక చేస్తే వచ్చినవాళ్లకు చూడడానికి ఏమీ ఉండదు. మీ కిటికీ దగ్గర నిలబడి గడియారం కనిపించేలా ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకోండి. ఫోన్ యాప్ చూపించే డెసిబెల్ అంకె సాక్ష్యంగా నిలవదు, మైకు క్యాలిబ్రేట్ చేసింది, అంటే సరైన కొలతతో పోల్చి సరిచేసింది, కాదు కాబట్టి. మీకు ఒక అంచనా కోసం పనికొస్తుంది, అంతే.

రోజూ జరిగే లొల్లికి రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి, తేదీలు, టైములు రాసిన కాగితం జతచేసి. ప్రజా ఇబ్బందికి భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షన్ కింద జరిమానా వెయ్యి రూపాయల దాకానే, కాబట్టి దాని మీద పెద్ద ఆశలు వద్దు. ఓనరు చేతిలో ఇంతకంటే బలమైన ఆయుధం ఉంది. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లలో, ఇతర పోర్షన్ల వాళ్లకు ఇబ్బంది కలిగించడం కిరాయిదారును ఖాళీ చేయించడానికి ఒక కారణం. అందుకే కొత్తగా 11 నెలల అగ్రిమెంటు రాసుకునేటప్పుడు రాత్రి 10 తర్వాత సౌండ్ బాక్సులు, మోటారు, దంచుడు ఉండవని ఒక వాక్యం అన్ని పోర్షన్లకూ రాయించమని అడగండి.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బీడింగును ఒక్కసారిగా లాగొద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ మెల్లగా, దర్వాజకు సమాంతరంగా లాగితే పెయింటు రాదు. మిగిలిన జిగురుకు కొబ్బరి నూనె రాసి పది నిమిషాలాగి గుడ్డతో తుడవండి. ప్లై పలకలు, డోర్ గార్డు, రబ్బరు మ్యాట్లు బండిలోకి ఎక్కించండి. మీదింటోళ్లకు ఇచ్చిన కుర్చీ బూట్లు అక్కడే ఉండనివ్వండి, మీ తర్వాత దిగేవాళ్లకు పనికొస్తాయి.